ఎందుకు కాదన్నారో చెప్పని వీసా

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో విద్యార్థి వీసా ఇంటర్వ్యూ చాలామందికి రెండు మూడు నిమిషాల్లో ముగిసిపోతుంది. ఏ యూనివర్సిటీ, ఆ కోర్సే ఎందుకు, డబ్బు ఎవరు పెడుతున్నారు, నాన్నగారు ఏం చేస్తారు? ఈ నాలుగు ప్రశ్నలు దాటకముందే ఫలితం తేలిపోతుంది. వీసా రాకపోతే పాస్‌పోర్టుతో పాటు ఒక అచ్చు కాగితం చేతికిస్తారు. అమెరికా వలస, జాతీయత చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం మీరు అర్హత నిరూపించుకోలేకపోయారని అందులో ఉంటుంది. దొంగ బ్యాంకు పత్రం పెట్టినవాడికీ అదే కాగితం, నాలుగేళ్లు ఒక్క బ్యాక్‌లాగ్ లేకుండా చదివి అడ్మిషన్ తెచ్చుకున్న అమ్మాయికీ అదే కాగితం. లోపం మార్కుల్లో ఉందా, డబ్బు కాగితాల్లో ఉందా, మాట తడబడటంలో ఉందా, ఎంచుకున్న యూనివర్సిటీలో ఉందా అన్నది అందులో ఉండదు.

వీసా ఇవ్వడం, ఇవ్వకపోవడం ఆ దేశం ఇష్టం. దాన్ని ఎవరూ కాదనలేరు. కానీ ఎందుకు ఇవ్వలేదో ఒక్క వాక్యంలో రాసిస్తే ఆ దేశానికి పోయేదేమీ లేదు. రాసివ్వకపోవడం వల్ల మాచర్ల, గురజాల, వినుకొండ వైపు ఊళ్లలో కుటుంబాలు అప్పుల పాలవుతున్నాయి. కారణం తెలియని చోట ఏజెంటు చెప్పిందే కారణం అవుతుంది, అతను అడిగిందే ఫీజు అవుతుంది. విదేశాల్లో పీజీ చదవబోయే పిల్లల వీసా ప్రక్రియను బాగుచేయాలంటే పని ఇక్కడి నుంచే మొదలుకావాలి.

ముందు పరిస్థితి ఎంత బిగిసిందో చూద్దాం. 2024-25 ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. పైకి ఇది రికార్డు. అందులో పీజీ, పీహెచ్‌డీ తరగతుల్లో ఉన్నవారు మాత్రం అంతకు ముందటి ఏడాది 1,96,567 నుంచి 1,77,892కు తగ్గారు. మొత్తం పెరిగినట్టు కనిపించడానికి ప్రధాన కారణం, చదువు పూర్తయి ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి మీద పనిచేస్తున్నవాళ్ల సంఖ్య పెరగడమే. అంటే లోపల ఉన్నవాళ్లు ఉన్నారు, కొత్తగా వెళ్లేవాళ్లు తగ్గారు. 2023-24 ఆర్థిక సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా వచ్చిన ఎఫ్-1 విద్యార్థి వీసా దరఖాస్తుల్లో దాదాపు 41 శాతం తిరస్కరణకు గురయ్యాయి. అమెరికాలో చదివే భారతీయ విద్యార్థుల్లో సగానికి పైగా రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలేనని హైదరాబాద్ కాన్సులేట్ అధికారులే చెప్పారు. ఈ అంకెలు ఎక్కడ ఏ మాత్రం కదిలినా దెబ్బ మన ఇళ్లలోనే తెలుస్తుంది.

2025 మే 27న అమెరికా విదేశాంగ శాఖ కొత్త విద్యార్థి వీసా ఇంటర్వ్యూల స్లాట్లను ఆపేసింది. జూన్ 18న మళ్లీ తెరిచింది, సోషల్ మీడియా ఖాతాలన్నీ అందరికీ కనిపించేలా పెట్టుకోవాలన్న షరతుతో. మధ్యలో పోయింది మూడు వారాలే కదా అనిపించవచ్చు. ఆగస్టు మధ్యలో తరగతులు మొదలయ్యే ఫాల్ విద్యార్థికి మే, జూన్ నెలలే ప్రాణం. ఆ ఏడాది ఆగస్టులో అమెరికాలో దిగిన భారతీయ విద్యార్థులు అంతకు ముందటి ఆగస్టుతో పోలిస్తే 44 శాతానికి పైగా తగ్గారు. ఆ తర్వాత సెప్టెంబరు 2 నుంచి ఇంటర్వ్యూ లేకుండా రెన్యువల్ చేసే డ్రాప్‌బాక్స్ సదుపాయాన్ని చాలామందికి ఎత్తేశారు. సొంత దేశంలోనో, నివాసం ఉన్న దేశంలోనో మాత్రమే ఇంటర్వ్యూకు వెళ్లాలన్న నిబంధన సెప్టెంబరు 6న వచ్చింది. ఉన్న కిటికీలు అవే, వాటి ముందు వరుస ఇంకా పెరిగింది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా అడగాలి. కోర్సు మొదలయ్యే తేదీకి 365 రోజుల ముందు నుంచే కొత్త విద్యార్థికి వీసా ఇవ్వవచ్చని అమెరికా నిబంధనలే ఒప్పుకుంటున్నాయి. అలాంటప్పుడు స్లాట్లన్నీ వేసవిలోనే కుప్పగా ఎందుకు తెరుచుకోవాలి? ఎప్పుడు తెరుచుకుంటాయో ముందుగా చెప్పని ప్రతి విధానమూ దళారీని పుట్టిస్తుంది. స్లాట్ల కోసం పిల్లలు అర్ధరాత్రి టెలిగ్రామ్ గ్రూపులు చూస్తూ కూర్చుంటారు. పేజీని ఎక్కువసార్లు రిఫ్రెష్ చేస్తే ఖాతా లాక్ అవుతుంది. అప్పుడు స్లాటు పట్టిస్తామనేవాడికి పాస్‌వర్డుతో సహా అప్పగిస్తారు. 2025 మార్చిలో బాట్ల ద్వారా బుక్ చేసిన సుమారు 2,000 అపాయింట్‌మెంట్లను రద్దు చేశామని ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయం ప్రకటించింది. రద్దు చేయడం సబబే. కానీ స్లాటును కోర్సు మొదలయ్యే తేదీ ప్రకారం, సెవిస్ (అమెరికా విద్యార్థి నమోదు వ్యవస్థ) నంబరుకూ పాస్‌పోర్టుకూ కట్టి, వరుసక్రమంలో కేటాయిస్తే బాట్లకు పనే ఉండదు. కోర్సు తేదీ, సెవిస్ నంబరు యూనివర్సిటీ ఐ-20 అడ్మిషన్ పత్రం జారీ చేసిన రోజునే అమెరికా ప్రభుత్వ కంప్యూటర్లలో ఉంటాయి.

ఖర్చు సంగతి కూడా చెప్పుకోవాలి. సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా దరఖాస్తు ఫీజు 185 డాలర్లు. రెండూ కలిపితే మన డబ్బులో 46 వేల రూపాయల పైమాటే. వీసా రాకపోతే దరఖాస్తు ఫీజు పోయినట్టే. సెవిస్ ఫీజును మాత్రం ఏడాదిలోపు మళ్లీ దరఖాస్తు చేస్తే వాడుకోవచ్చు. ఈ సంగతి తెలియక రెండోసారి కూడా కట్టేసేవాళ్లు ఉంటారు. దీనికి తోడు 250 డాలర్ల వీసా ఇంటెగ్రిటీ ఫీజుకు 2025 జూలై 4న సంతకమైన చట్టం వీలు కల్పించింది. వేలిముద్రలకు ఒకరోజు, ఇంటర్వ్యూకు మరో రోజు. పిడుగురాళ్ల, నడికుడి పిల్లలు పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లినా, మాచర్ల వాళ్లు సాగర్ మీదుగా బస్సులో వెళ్లినా హైదరాబాద్‌లో రాత్రి బస తప్పదు. ఎస్ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) రాయించిన ఖర్చు, మాక్ ఇంటర్వ్యూల ఖర్చు దీనికి అదనం.

గురజాల వైపు ఒక మిర్చి రైతు ఇంట్లో వీసా ఫైలు విప్పి చూస్తే అసలు సమస్య కనిపిస్తుంది. పైన ఐ-20, సెవిస్ రసీదు, వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 కన్ఫర్మేషన్ పేజీ. వాటి కింద పదో తరగతి నుంచి బీటెక్ దాకా మార్కుల మెమోలు, ప్రొవిజనల్, ఒరిజినల్ డిగ్రీ, జీఆర్‌ఈ, ఐఈఎల్‌టీఎస్ స్కోర్లు. ఆ వెనక డబ్బు కాగితాలు: పట్టాదారు పాస్‌పుస్తకం, 1బి, అడంగల్, తండ్రి పేరుతో ఒకటి, మేనమామ పేరుతో ఒకటి స్పాన్సర్ అఫిడవిట్లు, ఇంజినీరు రాసిన ఇంటి వాల్యుయేషన్, చార్టర్డ్ అకౌంటెంట్ సంతకంతో ఆస్తుల లెక్క. గుంటూరు యార్డులో కమీషన్ వ్యాపారి రాసిచ్చిన పట్టీలు మాత్రం ఆ ఫైల్లో ఉండవు. ఆ ఇంటి నిజమైన ఆదాయం ఉన్నది ఆ పట్టీల్లోనే. ఇంత ఫైలు మోసుకెళ్లాక ఆఫీసర్ దాన్ని ఒక్కసారి కూడా అడగకపోవచ్చు. ‘మా నాన్న రైతు’ అన్న మాట విన్నాక తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోవచ్చు.

వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు కాబట్టి రైతుల్లో చాలామందికి ఐటీ రిటర్నులు ఉండవు. ఉద్యోగి బిడ్డకు ఫారం-16 ఒక్కటి చాలు. రైతు బిడ్డకు ఏ కాగితమూ చాలదు. కౌలు రైతు సంగతి మరీ దారుణం. పల్నాడులో పత్తి, మిర్చి పండించేవాళ్లలో కౌలుదార్లు చాలామంది. వాళ్ల పేరున పాస్‌పుస్తకం ఉండదు. 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కుల కార్డు గడువు పదకొండు నెలలే. కార్డున్నా అది విదేశీ అధికారికి ఏమీ చెప్పదు. పైగా ఈ ఆదాయం ఏటా ఒకేలా ఉండదు. 2023లో క్వింటాలు 20 వేలు దాటి అమ్ముడుపోయిన మిర్చికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద 11,781 రూపాయలు లెక్కగట్టాల్సి వచ్చింది. కొడుకు బీటెక్ మూడో ఏడాదిలో ఉండగా ఎమ్మెస్ చదివిద్దామని ధైర్యం చేసిన తండ్రి, ఐ-20 వచ్చేనాటికి కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు పెట్టి ధర కోసం చూస్తున్నాడు.

బ్యాంకు అప్పు తెచ్చుకోవచ్చు కదా అంటారు. 2002 నాటి సర్ఫేసీ చట్టం 31వ సెక్షన్ వ్యవసాయ భూమిని తన పరిధి నుంచి మినహాయించింది. అప్పు తీర్చలేని రైతు పొలాన్ని బ్యాంకు కోర్టు గడప తొక్కకుండా వేలం వేయకూడదని పెట్టిన రక్షణ అది. ఉండాల్సిన రక్షణే. కానీ దాని పర్యవసానంగా ముప్పై, నలభై లక్షల విద్యారుణానికి పొలాన్ని తాకట్టుగా తీసుకోవడానికి బ్యాంకులు మొగ్గుచూపవు. పట్టణంలో ఇల్లో, ప్లాటో కావాలంటాయి. అయిదెకరాల మాగాణి ఉన్న రైతు బ్యాంకు దృష్టిలో ఆస్తి లేనివాడు. అతను వెళ్లేది ఎక్కువ వడ్డీ తీసుకునే ఫైనాన్స్ కంపెనీకి, లేదా ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి.

షో మనీ పుట్టింది ఈ సందులోనే. ఖాతాలో కొన్ని వారాలు ముప్పై లక్షలు వేసి ఉంచి, బ్యాలెన్స్ సర్టిఫికెట్ తీసుకున్నాక వెనక్కి లాగేస్తారు. అందుకు కమీషన్. కొందరు అంతకన్నా దిగజారి బ్యాంకు స్టేట్‌మెంట్‌నే సృష్టిస్తారు. దీన్ని సమర్థించడానికి వీల్లేదు. మన ప్రాంతం నుంచి వెళ్లే ఫైళ్లను ఆఫీసర్లు అనుమానంగా చూస్తున్నారంటే ఆ అనుమానం ఊరికే రాలేదు. 2025 ఫిబ్రవరిలో అమెరికా రాయబార కార్యాలయం ఫిర్యాదు మీద ఢిల్లీ పోలీసులు దొంగ పత్రాల ఏజెంట్లపై కేసు నమోదు చేశారు. నిజాయతీగా కూడబెట్టుకున్నవాడు పక్కవాడి దొంగ కాగితానికి శిక్ష అనుభవిస్తున్నాడు. తనకు పడిన శిక్ష దేనికో కూడా అతనికి తెలియడం లేదు. ఒకసారి రిజెక్ట్ అయ్యాక ఏజెంటు ‘ఫండ్స్ తక్కువ చూపించావు, ఈసారి యాభై చూపిద్దాం’ అంటాడు. నిజంగా లోపం యూనివర్సిటీ ఎంపికలో ఉండి ఉండవచ్చు. కారణం రాసి ఉంటే ఆ కుటుంబం ఆ యాభైకి వడ్డీ కట్టేది కాదు.

ఇంకా బాధ కలిగించేది మరొకటుంది. 214(బి) ప్రకారం ప్రతి దరఖాస్తుదారూ శాశ్వతంగా ఉండిపోవడానికే వస్తున్నాడని చట్టం ముందే అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది విద్యార్థి. అదే అమెరికా, చదువు పూర్తయ్యాక 12 నెలల ఓపీటీ, సైన్స్, ఇంజినీరింగ్ వాళ్లకు మరో 24 నెలల పొడిగింపు ఇస్తుంది. హెచ్-1బి ఉద్యోగ వీసా దరఖాస్తుదారుకు ఈ 214(బి) అనుమానం వర్తించదు. నలభై లక్షల అప్పును ఇక్కడి జీతంతో తీర్చలేమని విద్యార్థికి తెలుసు, కిటికీ అవతల కూర్చున్న ఆఫీసర్‌కూ తెలుసు. అయినా ‘చదువు అయిపోగానే వచ్చేస్తాను, మా నాన్నగారి పొలం చూసుకుంటాను’ అని ఇరవై రెండేళ్ల పిల్లాడి చేత కోచింగ్ సెంటర్లో బట్టీ పట్టిస్తున్నారు. అతను పరాయి దేశపు అధికారి ముందు చెప్పే మొదటి మాటే అబద్ధం కావాల్సి వస్తోంది. విద్యార్థులకు ఈ నిరూపణ భారం తీసేయాలని 2021లో అమెరికా కాంగ్రెస్ ముందుకు వచ్చిన పౌరసత్వ బిల్లు ప్రతిపాదించింది. అది చట్టం కాలేదు. కాన్సులర్ ఆఫీసర్ నిర్ణయాన్ని కోర్టులు సాధారణంగా తిరగదోడవన్న సూత్రాన్ని అక్కడి సుప్రీంకోర్టు 2024 జూన్‌లో మునోజ్ కేసులో మరోసారి గట్టిపరిచింది. కోర్టు దారి మూసుకుపోయిన చోట కనీసం కారణమైనా రాసివ్వమనడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

రాసివ్వడం సాధ్యమేనని ఇతర దేశాలు చూపిస్తున్నాయి. కెనడా 2024 జనవరిలో స్టడీ పర్మిట్లకు పరిమితి పెట్టింది. 2025 ఆగస్టులో భారతీయుల దరఖాస్తుల్లో దాదాపు మూడు వంతులు తిరస్కరించింది. అంత కఠినంగా ఉంటూనే ఆ ఏడాది జూలై చివరి నుంచి తిరస్కరణ లేఖతో పాటు ఆఫీసర్ రాసుకున్న నోట్సును జతచేయడం మొదలుపెట్టింది. 2026 జనవరి నుంచి ప్రభుత్వ విద్యాసంస్థల్లో మాస్టర్స్, పీహెచ్‌డీ చదివేవారిని ఆ పరిమితి నుంచి మినహాయించింది, పీహెచ్‌డీ దరఖాస్తులను 14 రోజుల్లో తేలుస్తామంది. బ్రిటన్ తిరస్కరణకు కారణం రాసిస్తుంది. డబ్బు 28 రోజులు ఖాతాలో ఉండాలని ముందే చెబుతుంది, నిర్ణయంలో పొరపాటుంటే పునఃపరిశీలన కోరే వీలిస్తుంది. జర్మనీ ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో వేయమంటుంది. 2022 నవంబరు నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి చేసి డిగ్రీ పత్రాలను వీసాకు ముందే ఒక్కసారిగా తనిఖీ చేస్తోంది. ఆ దేశాల్లో ఇబ్బందులు లేవని కాదు. జర్మనీ 2025 జూలై నుంచి వీసా నిరాకరణపై ఉన్న అభ్యంతర విధానాన్ని తీసేయడం నాకు వెనకడుగుగానే కనిపిస్తోంది. కానీ నరసరావుపేటలో కూర్చున్న తండ్రికి ఎంత కావాలో, ఎన్ని రోజులు ఉండాలో, ఎందుకు పోయిందో తెలుస్తుంది.

ఇలాంటివేవీ తెలియక ఏజెంటు మాటే నమ్ముకుంటే ఏమవుతుందో మన పిల్లలు పలుమార్లు చూశారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ అనే బోగస్ యూనివర్సిటీ మీద అమెరికా అధికారుల దాడులు జరిగాయి. అక్కడ చేరినవాళ్లలో అత్యధికులు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాళ్లు. కొందరి కాళ్లకు ట్రాకింగ్ పట్టీలు వేశారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అమెరికా ప్రభుత్వమే వేసిన వల అని బయటపడింది. పట్టుబడిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, ఎక్కువమంది తెలుగువాళ్లే. వాళ్లను చేర్పించిన ఎనిమిది మంది ఏజెంట్లూ తెలుగువాళ్లే. 2023 ఆగస్టులో ఒకే రోజు 21 మందిని విమానాశ్రయాల నుంచే వెనక్కి పంపారు. 2024 జూలైలో కేంద్రం పార్లమెంటుకు చెప్పిన సమాధానం ప్రకారం మూడేళ్లలో 48 మంది భారతీయ విద్యార్థులను అమెరికా వెనక్కి పంపింది, కారణాలు అధికారికంగా మన ప్రభుత్వానికి కూడా చెప్పలేదు.

ఏజెంట్లను అదుపు చేయాల్సిన పని మాత్రం మనది. దాన్ని వాషింగ్టన్ మీదకు నెట్టలేం. గల్ఫ్‌కు తాపీ పనివారిని పంపే ఏజెంటు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టర్ కావాలి. నలభై లక్షల అప్పుతో విద్యార్థిని పంపే కన్సల్టెన్సీకి ఆ చట్టం వర్తించదు. పంజాబ్ 2012 నాటి చట్టం కింద ట్రావెల్ ఏజెంట్లతో పాటు కన్సల్టెన్సీలు, ఐఈఎల్‌టీఎస్ శిక్షణ కేంద్రాలకూ లైసెన్సు తప్పనిసరి చేసింది. మోసాలు పూర్తిగా ఆగలేదు. అయినా ఫిర్యాదు చేయడానికి ఒక కలెక్టరు, రద్దు చేయడానికి ఒక లైసెన్సు ఉన్నాయి. ఇంత మంది పిల్లలను పంపుతున్న మన రాష్ట్రం ఆ బాటలో నడవాలి. ఏ యూనివర్సిటీ నుంచి ఎంత కమీషన్ తీసుకుంటున్నారో విద్యార్థికి రాతపూర్వకంగా చెప్పాలన్న ఒక్క నిబంధన చాలు, చాలా దుకాణాల తీరు మారుతుంది.

సోషల్ మీడియా తనిఖీ గురించి పల్నాడు వాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. 2024 మే 13 పోలింగ్ తర్వాత ఇక్కడ జరిగిన హింస దేశమంతా చూసింది. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసి, కలెక్టర్‌ను బదిలీ చేసింది. అలాంటి గొడవల్లో ఎఫ్‌ఐఆర్‌లో పేరెక్కిన కుర్రాడికి పాస్‌పోర్టు వెరిఫికేషన్ దగ్గరే కష్టం మొదలవుతుంది. ఆవేశంలో పెట్టిన పోస్టు ఇప్పుడు వీసా అధికారి కంటపడుతుంది. దేన్ని అభ్యంతరంగా చూస్తారో మాత్రం ఎక్కడా స్పష్టంగా చెప్పలేదు. భయంతో పాత ఖాతాలు తీసేసి, డీఎస్-160లో ఆ పేర్లు రాయకుండా వదిలేస్తే అది దాచినట్టవుతుంది. గత అయిదేళ్లలో వాడిన ఖాతాల పేర్లన్నీ ఆ ఫారం అడుగుతుంది. ఉన్నది ఉన్నట్టు రాయడమే క్షేమం.

అమెరికా తన చట్టం తాను మార్చుకునేదాకా ఆగకుండా మన చేతిలో ఉన్నవి చేయవచ్చు. యూనివర్సిటీ ఐ-20 ఇచ్చే ముందే డబ్బు పత్రాలు చూస్తుంది. అదే తరహాలో బ్యాంకు ఇచ్చే రుణ మంజూరు లేఖ, డిగ్రీ, మార్కుల మెమోలు డిజిలాకర్ ద్వారా నేరుగా కాన్సులేట్ తనిఖీ చేసుకునేలా విదేశాంగ శాఖ ఒప్పందం కుదుర్చుకుంటే దొంగ కాగితానికి చోటుండదు, రైతు బిడ్డ మీద అనుమానమూ తగ్గుతుంది. రాష్ట్ర ప్రభుత్వాల విదేశీ విద్య పథకాలు ఇన్నాళ్లూ ఒక పరిధిలోనే ఆగాయి. 2022లో వచ్చిన విదేశీ విద్యాదీవెన ర్యాంకుల్లో పైవరుసలో ఉన్న యూనివర్సిటీలకే పరిమితమైంది. పల్నాడు నుంచి వెళ్లేవాళ్లలో అత్యధికులు చేరేది మధ్యస్థాయి రాష్ట్ర యూనివర్సిటీల్లో. వాళ్లకు కావాల్సింది కోటి రూపాయల గ్రాంటు కన్నా ముప్పై లక్షల అప్పుకు ఒక పూచీ. ప్రభుత్వ పూచీతో పావలా వడ్డీకి విద్యారుణాలు ఇస్తామని 2025 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు చెప్పిన ఆలోచన ఆ లోటును సరిగ్గా పట్టుకుంది. దాన్ని కౌలు రైతు బిడ్డకు కూడా అందేలా, సాగుదారు కార్డును, యార్డు పట్టీలను ఆదాయ రుజువుగా ఒప్పుకునేలా రాస్తేనే షో మనీ వ్యాపారం తగ్గుతుంది.

జిల్లాలో మరొకటి వెంటనే చేయవచ్చు. అమెరికా చదువులపై ఉచితంగా సలహా ఇచ్చే ఎడ్యుకేషన్ యూఎస్‌ఏ కేంద్రాలు హైదరాబాద్‌లో ఉన్నాయి, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 2021 నుంచి అమెరికన్ కార్నర్ ఉంది. పల్నాడులో చాలామంది విద్యార్థులకు ఆ పేర్లే తెలియవు, కన్సల్టెన్సీ బోర్డులే తెలుసు. స్లాట్ల సీజన్‌కు ముందు, జనవరి నుంచి మే దాకా, జేఎన్‌టీయూకే నరసరావుపేట ఇంజినీరింగ్ కళాశాలలో వారానికి ఒకరోజు ఆ సలహాదారులను ఆన్‌లైన్‌లోనైనా కూర్చోబెట్టాలి. వారి పక్కన జిల్లా లీడ్ బ్యాంకు అధికారి ఒకరు, డీఎస్-160 నింపడం, సెవిస్ ఫీజు కట్టడం తెలిసిన అధ్యాపకుడు ఒకరు ఉండాలి. రిజెక్ట్ అయినవాళ్లు ఇంటర్వ్యూలో ఏం అడిగారో, ఏం చెప్పారో అక్కడ రాసిపెట్టాలి. రెండు సీజన్లు అలా రాస్తే ఏ యూనివర్సిటీల పేర్లు చెప్పినప్పుడు, ఏ కన్సల్టెన్సీ ఫైళ్లు తీసుకెళ్లినప్పుడు తిరస్కరణలు ఎక్కువవుతున్నాయో జిల్లా కలెక్టర్ చేతిలో కాగితం మీద ఉంటుంది. దాన్ని విదేశాంగ శాఖ ద్వారా హైదరాబాద్ కాన్సులేట్ ముందు పెట్టి జవాబు అడగవచ్చు.